ఓవర్‌క్లాకింగ్ కోసం మదర్‌బోర్డు మార్చడం: బి660 నుంచి జెడ్690కి, అడుగడుగునా

కంప్యూటర్ కట్టించుకున్న రోజు దుకాణదారు నా చేతిలో పెట్టిన జంట ఇది: ఐ5-12600కె ప్రాసెసర్, బి660 మదర్‌బోర్డు. అప్పుడు ఏమీ తేడాగా అనిపించలేదు. ఆర్నెల్ల తర్వాత ఓవర్‌క్లాకింగ్ చేద్దామని, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి తీసుకెళ్దామని, బోర్డు సెట్టింగ్‌లు ఉండే బయోస్‌లోకి వెళ్లి కోర్ రేషియో (వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచబోతే, ఆ గడి బూడిదరంగులో ఉంది, ఎంత నొక్కినా కదలదు. పేరు చివరున్న ‘కె’ అక్షరానికి అదనంగా డబ్బు కట్టాను కానీ దాన్ని వాడుకోనిచ్చే చిప్‌సెట్ (బోర్డును నడిపే చిప్) బోర్డు మీద లేదు. కాడి లేకుండా ఎడ్లను కొన్నట్టయింది.

ఇంటెల్ లెక్క ఇలా ఉంటుంది. ప్రాసెసర్ వేగాన్ని రేషియోతో పెంచాలంటే చిప్ ‘కె’ రకానిది కావాలి, బోర్డు ‘జెడ్’ రకానిది కావాలి. బి660, బి760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్‌ది పెంచుకోలేరు. ఏఎండీ ఈ విషయంలో ఉదారం: బి450, బి550, బి650 బోర్డుల్లోనూ ఓవర్‌క్లాకింగ్‌కు అడ్డు లేదు, ఏ320, ఏ520, ఏ620 లాంటి కింది తరగతి బోర్డుల్లోనే తాళం. ఈ వ్యాసంలో నేను మార్చిన బోర్డు కథే చెబుతాను, అంటే ఎల్‌జీఏ1700 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు), 12వ తరం ఇంటెల్. విప్పడం, బిగించడం, పరీక్షించడం వరకు ఏఎండీ వాళ్లకూ అదే పద్ధతి.

ముందు ఒక నిజం మాట్లాడుకుందాం

1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చిప్‌ను 300 మెగాహెర్ట్జ్‌కి కొని, బస్ వేగాన్ని (రేషియోతో గుణించే మూల వేగం) 66 నుంచి 100కి మార్చి 450 దగ్గర నడిపేవాళ్లు. పైసా ఖర్చు లేకుండా యాభై శాతం. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు కంపెనీలే టర్బో పేరుతో చిప్ సత్తాలో చాలా భాగం పిండేసి పంపుతున్నాయి. 12600కె ఒక్క కోర్ మీద 4.9 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తానే వెళ్తుంది. ఆరు పీ-కోర్లూ (వేగంగా నడిచే పెద్ద కోర్లు) పనిలో ఉన్నప్పుడు మాత్రం 4.5 దగ్గర ఆగుతుంది. మనకు దొరికేది ఆ సందు. అన్ని కోర్లనూ 5.0 దాకా తీసుకెళ్తే పదకొండు శాతం పెరిగినట్టు. వీడియో రెండరింగ్, కోడ్ కంపైల్ చేసేవాళ్లకు అది కనిపిస్తుంది. ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో తేడా దాదాపు ఉండదు.

కాబట్టి గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేములు) పెరగడమే మీ ఆశ అయితే, ఈ బోర్డు డబ్బును గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను. గేమ్ ఆడుతూ గ్రాఫిక్స్ కార్డు వాడకం ఎంత శాతమో చూడండి. 97, 98 దగ్గర ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తోందని అర్థం. దాన్ని ఇంకా వేగంగా ఎదురుచూసేలా చేయడం వల్ల లాభం లేదు.

మరి ఎవరు మార్చాలి? ‘కె’ చిప్ ఇప్పటికే చేతిలో ఉండి తాళం పడిన బోర్డులో ఇరుక్కున్నవాళ్లు, పాత బోర్డు వేడెక్కి చిప్‌ను తొక్కిపెడుతున్నవాళ్లు, ఇంకా నాలాగా ఈ పనిలోనే సరదా ఉన్నవాళ్లు. ఇంకొకటి గుర్తుంచుకోండి: 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ చిప్‌లతో ఇంటెల్ ఎల్‌జీఏ1851 సాకెట్‌కు మారిపోయింది. జెడ్690 గానీ జెడ్790 గానీ కొంటే 12, 13, 14 తరాల వరకే ప్రయాణం.

బోర్డు ఎంచుకోవడం: పెట్టె మీది బొమ్మ కాదు, వీఆర్‌ఎం చూడాలి

ఈ భాగం దగ్గర కాస్త నిదానిద్దాం, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై పెట్టె) నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావాల్సింది 1.2, 1.3 వోల్టులు. మధ్యలో ఆ మార్పిడి చేసేది వీఆర్‌ఎం, అంటే సాకెట్ చుట్టూ హీట్‌సింక్‌ల కింద వరుసగా కూర్చున్న భాగాలు. ఓవర్‌క్లాక్ చేసిన 12600కె 180 వాట్లు తీసుకుంటోందనుకోండి. 1.25 వోల్టుల దగ్గర అది 144 ఆంపియర్లు. చాలా ఇళ్లలో మెయిన్ ఎంసీబీ 32 ఆంపియర్లది ఉంటుంది. వోల్టేజీ వేరు గనక రెండూ ఒకటి కావు, కానీ అరచేతిలో సగం లేని చిప్‌లోకి 144 ఆంపియర్లు పోతున్నాయంటే వీఆర్‌ఎం మీద ఎంత భారమో ఊహించుకోవచ్చు.

ఆ భారాన్ని ‘ఫేజ్’లు పంచుకుంటాయి. ఆరు ఫేజ్‌లుంటే ఒక్కోదానికి 24 ఆంపియర్లు, పద్నాలుగు ఉంటే పది చొప్పున. బరువు పంచుకున్న కొద్దీ వేడి తగ్గుతుంది, వోల్టేజీ నిలకడగా ఉంటుంది. బోర్డు వివరాల్లో 14+1+1 అని రాసి ఉంటే మొదటి అంకె మాత్రమే కోర్లకు సంబంధించింది. మిగతావి లోపలి గ్రాఫిక్స్‌కి, ఇతర అవసరాలకి. ఆ 14 కూడా కొన్ని బోర్డుల్లో ఏడు సిగ్నళ్లకు ఇద్దరిద్దరు జంట కూలీలను కట్టిన లెక్క. అది మోసమేమీ కాదు, బాగానే పనిచేస్తుంది. ఫేజ్‌ల సంఖ్యతో పాటు ఒక్కో పవర్ స్టేజ్ (ఫేజ్‌లో కరెంట్ మోసే భాగం) సామర్థ్యం ఎన్ని ఆంపియర్లో చూడండి: 50, 60, 80, 90, 105 అని ఉంటాయి. 12600కెకి 50, 55 ఆంపియర్ల స్టేజ్‌లు పన్నెండు పైన ఉంటే ధారాళం. 105 ఆంపియర్లవి ఇరవై ఉన్న బోర్డుకు రెండింతల డబ్బు పెట్టి ఐ5 బిగించడం, ఒక బిందె నీళ్లకు ట్యాంకర్ పిలిపించడమే.

హీట్‌సింక్ విషయంలో బరువునే నమ్మండి. ఆర్‌జీబీ దీపాల ప్లాస్టిక్ తొడుగు పెద్దగా కనిపిస్తుంది, గాలి మాత్రం ఆడనివ్వదు. గాట్లు పడిన అల్యూమినియం దిమ్మ అందంగా లేకపోయినా పని చేస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పెట్టె తెరిచి చూపించేవాళ్లు ఉంటారు; కొనే ముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తే ఆన్‌లైన్ ఫొటోలు దాచినవి తెలుస్తాయి.

నేను తప్పనిసరి అనుకునేవి మరో మూడు. ఒకటి, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్. 13వ లేదా 14వ తరం చిప్‌ను పాత స్టాక్ జెడ్690 బోర్డులో పెట్టేవాళ్లకు ఇది ప్రాణం లాంటిది. రెండు, బోర్డు ఎక్కడ ఆగిపోయిందో చూపించే డీబగ్ దీపాలు. రెండంకెల డిస్‌ప్లే ఉంటే ఇంకా మంచిది. మూడు, సీమాస్ (బయోస్ సెట్టింగ్‌లు దాచే జ్ఞాపకం) చెరిపేసే బటన్ లేదా కనీసం చేతికందే చోట పిన్నులు. ఓవర్‌క్లాకింగ్‌లో బోర్డు లేవకపోవడం రోజువారీ సంగతి. ప్రతిసారీ గ్రాఫిక్స్ కార్డు విప్పి బ్యాటరీ తీయాల్సి వస్తే రెండో రోజుకే విరక్తి పుడుతుంది.

ర్యామ్ రకం మరిచిపోకండి. ఎల్‌జీఏ1700 బోర్డులు డీడీఆర్4కి వేరే, డీడీఆర్5కి వేరే వస్తాయి. ఒకదాని స్టిక్ మరోదానిలో దూరదు. నా దగ్గర డీడీఆర్4 ఉంది గనక డీడీఆర్4 జెడ్690 తీసుకున్నాను, ర్యామ్ డబ్బు మిగిలింది. ఆసుస్ అపెక్స్, గిగాబైట్ టాకియాన్, ఎంఎస్‌ఐ యూనిఫై-ఎక్స్ లాంటి రెండే ర్యామ్ స్లాట్ల బోర్డులు ర్యామ్ రికార్డుల వెంట పడేవాళ్ల కోసం. ప్రాసెసర్‌కూ స్లాట్లకూ మధ్య తీగల దారి పొట్టిగా, శుభ్రంగా ఉండటానికి రెండు స్లాట్లను వదిలేస్తారు. ఇంట్లో పని చేసుకునే యంత్రానికి అవి అక్కర్లేదు.

పాత బోర్డుగా కొంటుంటే సాకెట్ పిన్నులు టార్చ్ వేసి, పక్కవాటంగా చూడండి. 1700 పిన్నుల వరుసలో ఒక్కటి వంగినా వెలుగు అక్కడ తేడాగా తిరుగుతుంది. కొత్తదైతే జీఎస్టీ బిల్లు తీసుకుని దాచండి. వారంటీకి అదే ఆధారం. పిన్నులు వంగితే మాత్రం వారంటీ వర్తించదని దాదాపు అన్ని కంపెనీలూ చెబుతాయి. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పాడైతే ఇంటెల్ వారంటీ కూడా వర్తించదు. అలాంటి నష్టానికి విడిగా అమ్మిన రక్షణ పథకాన్ని ఇంటెల్ 2021లోనే ఆపేసింది.

విప్పే ముందు చేయాల్సినవి

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే ఓ గంట కేటాయించండి.

విండోస్ లైసెన్స్‌ను మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపెట్టి ఉంచండి. బోర్డు మారితే విండోస్‌కు అది కొత్త యంత్రంలా కనిపిస్తుంది. ఖాతాతో ముడి ఉంటే మళ్లీ యాక్టివేట్ చేయడం తేలికవుతుంది. కంప్యూటర్‌తో పాటే తయారీదారు వేసి ఇచ్చే ఓఈఎం లైసెన్స్‌లు మాత్రం చాలాసార్లు పాత బోర్డుతోనే పోతాయి.

డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. తాళంచెవి పాత బోర్డు మీది టీపీఎం అనే భద్రతా భాగంలో ఉంటుంది కాబట్టి కొత్త బోర్డులో డ్రైవ్ పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ అదే డ్రైవ్‌లో ఉంటే ఏం లాభం? కాగితం మీద రాసుకోండి, లేదా బిట్‌లాకర్‌ను పూర్తిగా తీసేసి పని మొదలుపెట్టండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి ఎక్కించండి.

కొత్త బోర్డు లాన్, వైఫై డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. జెడ్690 బోర్డుల మీది 2.5జీ లాన్ చిప్‌ను విండోస్ ఇన్‌స్టాలర్ గుర్తించకపోవచ్చు. అప్పుడు నెట్ లేకుండా డ్రైవర్ దిగదు, డ్రైవర్ లేకుండా నెట్ రాదు.

చివరగా, పాత బోర్డు మీద కొలతలు తీసుకోండి. ప్రాసెసర్ సత్తా కొలిచే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు నడిపి స్కోరు, సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అత్యధిక ఉష్ణోగ్రత, వాట్లు, గది ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాయండి. 12600కె మామూలుగా 17,500 చుట్టూ వస్తుంది. ఈ అంకె లేకపోతే తర్వాత ఎంత సాధించారో మీకే తెలియదు.

విప్పడం, బిగించడం

ముందు ఎర్తింగ్ సంగతి. మన ఇళ్లలో ప్లగ్‌లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉంటుందన్న నమ్మకం లేదు. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంట్ చాలా తక్కువ కాబట్టి మనిషికి చురుకుతో పోతుంది కానీ, మానిటర్ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టులు దెబ్బతినొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించాకే మిగతా పని. పని చేసేటప్పుడు ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి మిగిలిన కరెంట్ పోనిచ్చి, రంగు వేయని లోహాన్ని ముట్టుకుంటూ ఉండండి.

ఏ కేబుల్ ఎక్కడుందో ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి. ముందు గ్రాఫిక్స్ కార్డు, తర్వాత కేబుళ్లు, ఆఖరున కూలర్. కూలర్ తీయడానికి ముందు కంప్యూటర్ ఐదు నిమిషాలు నడిపి ఉంటే చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన పేస్ట్ మెత్తబడి తేలిగ్గా వస్తుంది. యూఎస్‌బీ 3.0 ముందు ప్యానెల్ కేబుల్ మొండిది. ఊపి లాగితే బోర్డు మీది ప్లాస్టిక్ గూడుతో సహా ఊడి వస్తుంది. నిలువుగా, నెమ్మదిగా.

ప్రాసెసర్ తీశాక పాత బోర్డు సాకెట్‌కు వెంటనే ప్లాస్టిక్ మూత పెట్టండి. నేను ఆ మూత ఎక్కడో పడేశాను. ‘రెండు నిమిషాలే కదా’ అని బోర్డును మంచం మీద పెట్టి లోపలికి వెళ్లొచ్చేసరికి దుప్పటి దారం రెండు పిన్నులకు చుట్టుకుంది. పట్టకారుతో, భూతద్దంతో అరగంట పట్టింది విడదీయడానికి. ఆ బోర్డు అమ్మితే వచ్చే డబ్బుతోనే కొత్త కూలర్ కొనాలని లెక్క వేసుకున్నవాణ్ని కదా, ఆ అరగంటా ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

కొత్త బోర్డును పెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, ర్యామ్, ఎం.2 డ్రైవ్ (బోర్డు మీదే కూర్చునే ఎస్‌ఎస్‌డీ) బిగించండి. ప్రాసెసర్ మూల మీది త్రిభుజం, సాకెట్ గుర్తు కలవాలి. నిలువుగా, మెల్లగా ఆనించాలి తప్ప నొక్కకూడదు. లివర్ వేసేటప్పుడు కరకరమన్న శబ్దం వస్తుంది, భయపడకండి. మూత దానంతట అదే ఎగిరి బయటికొస్తుంది. ఈసారి దాన్ని దాచండి.

ఎల్‌జీఏ1700 బిగింపు చిప్‌ను మధ్యలో నొక్కి కాస్త వంచుతుంది. దానికి మందుగా థర్మల్‌రైట్, థర్మల్ గ్రిజ్లీ లాంటి కంపెనీలు కాంటాక్ట్ ఫ్రేమ్‌లు (ఆ బిగింపు బదులు పెట్టే చట్రాలు) అమ్ముతున్నాయి. కొన్ని డిగ్రీలు తగ్గొచ్చు. కానీ స్క్రూలు ఎక్కువ బిగిస్తే ర్యామ్ ఛానెల్ ఒకటి కనిపించకుండా పోతుంది. మొదటిసారి చేస్తున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

ర్యామ్ రెండు స్టిక్‌లైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. ఎం.2 హీట్‌సింక్ కింది ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, తీసేయాలి. క్యాబినెట్‌లో స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు కాళ్లు) బోర్డు రంధ్రాల కిందే ఉన్నాయో లేదో చూసుకోండి. బోర్డు సైజు మైక్రో ఏటీఎక్స్ నుంచి ఏటీఎక్స్‌కి మారుతుంటే వాటి సంఖ్య, స్థానం రెండూ మారతాయి. అనవసరమైన చోట మిగిలిపోయినది బోర్డు వెనక షార్ట్ చేస్తుంది.

కూలర్ విషయంలో ఒక చిక్కు. ఎల్‌జీఏ1700 రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు, పాత ఎల్‌జీఏ1200లో 75. పాత కూలర్‌ను తంటాలు పడి ఎక్కించినా ఒత్తిడి సరిగ్గా పడదు, సరైన బ్రాకెట్ తెప్పించుకోండి.

పవర్ కేబుళ్లలో పెద్ద పొరపాటు ఒకటుంది. ప్రాసెసర్ పవర్ కేబుల్ 4+4గా చీలుతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6+2గా. చూడటానికి రెండూ ఎనిమిది పిన్నులే, ధ్రువాలు మాత్రం తిరగబడి ఉంటాయి. దూరకపోతే బలవంతం చేయకండి. ఒక ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ కేబుళ్లు ఇంకో ఎస్‌ఎంపీఎస్‌కి అసలే వాడకండి. బోర్డు మీద రెండు ఎనిమిది పిన్నుల గూళ్లుంటే 12600కెకి ఒకటి చాలు, రెండోది ఉంటే పెట్టండి, లేకపోతే నష్టం లేదు.

మొదటిసారి ఆన్ చేశాక

తెర మీద ఏదైనా కనిపించడానికి నిమిషం దాకా పట్టొచ్చు, ర్యామ్‌ను పరీక్షించుకుంటుంది. మధ్యలో పవర్ తీయకండి. లేచాక నేరుగా బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్, ర్యామ్ మొత్తం కనిపిస్తున్నాయా చూడండి. తర్వాత బయోస్ కొత్తదానికి మార్చండి, యూపీఎస్ మీద ఉన్నప్పుడు మాత్రమే. మీది 65 వాట్లు, అంతకు పైన ఉన్న 13 లేదా 14 తరం డెస్క్‌టాప్ చిప్ అయితే ఇది ఐచ్ఛికం కాదు. అధిక వోల్టేజీ వల్ల చిప్‌లు క్రమంగా పాడైన సమస్యకు ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, అవి బయోస్ ద్వారానే వస్తాయి. 12వ తరానికి ఆ జబ్బు లేదు.

పాత విండోస్ డ్రైవ్ పెట్టినప్పుడు నీలితెర వచ్చి, బూట్ డ్రైవ్ దొరకలేదని అంటే బయోస్‌లో వీఎండీ అనే డ్రైవ్‌ల సెట్టింగ్ చూడండి. పాత బోర్డులో అది ఆఫ్‌లో ఉండి ఇక్కడ ఆన్‌లో ఉంటే ఇదే జరుగుతుంది. ఇలాంటి తంటాలు వద్దనుకుంటే శుభ్రంగా కొత్త విండోస్ వేసుకోవడం ఉత్తమం. నేను అదే చేశాను.

ఇంకో సంగతి: జెడ్ బోర్డులు చాలావరకు తయారీదారు ఇష్టానికి పవర్ పరిమితిని ఎత్తేసి వస్తాయి. ఎంఎస్‌ఐ బోర్డు మొదట్లోనే మీ కూలర్ ఏదని అడుగుతుంది. వాటర్ కూలర్ అంటే 4096 వాట్లని రాసుకుంటుంది, అంటే పరిమితి లేనట్టే. ముందుగా 12600కెకి ఇంటెల్ చెప్పిన 150 వాట్లు పెట్టి, ఒక రోజు ఏ మార్పూ లేకుండా నడపండి. ఓవర్‌క్లాక్ చేశాక గండం వస్తే, తప్పు బోర్డుదా మీ సెట్టింగ్‌దా అన్న అనుమానం ఉండకూడదు.

ఇప్పుడు అసలు పని

నియమం ఒకటే: ఒకసారికి ఒక మార్పు, ప్రతి మార్పూ నోట్‌బుక్‌లో.

ర్యామ్‌ను డిఫాల్ట్ వేగంలోనే ఉంచండి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి ఎక్కించే సెట్టింగ్) ఆఫ్. పవర్ పరిమితిని 200 వాట్లకు పెంచండి. వోల్టేజీని ప్రస్తుతానికి స్థిరంగా 1.20 దగ్గర పెట్టండి.

తర్వాత లోడ్‌లైన్ కాలిబ్రేషన్, ఎల్‌ఎల్‌సీ. బరువు పడ్డప్పుడు వోల్టేజీ కొంచెం కుంగుతుంది. ఆ కుంగుబాటును ఎంత అడ్డుకోవాలో చెప్పే సెట్టింగ్ ఇది. పూర్తిగా అడ్డుకుంటే వోల్టేజీ గీత వంగకుండా, చక్కగా కనిపిస్తుంది, కానీ బరువు ఉన్నట్టుండి తొలగినప్పుడు వోల్టేజీ క్షణకాలం పైకెగురుతుంది, సాఫ్ట్‌వేర్‌లో అది కనిపించదు. అందుకని మధ్యస్తం మంచిది. ఇక్కడ అంకెలు కంపెనీని బట్టి తలకిందులవుతాయి: ఆసుస్‌లో 8 అత్యంత గట్టిది, ఎంఎస్‌ఐలో 1 అత్యంత గట్టిది. వీడియోలో చూసిన అంకెను ఇంకో కంపెనీ బోర్డులో పెట్టి చిప్‌కు ఎక్కువ వోల్టేజీ తినిపించినవాళ్లు తక్కువేం లేరు. ఎంఎస్‌ఐలో 4, ఆసుస్‌లో 4 దగ్గర మొదలుపెట్టండి.

పీ-కోర్ రేషియోను 48 (అంటే 4.8 గిగాహెర్ట్జ్) పెట్టి సేవ్ చేసి, సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. నిలబడితే 49, తర్వాత 50. ఎక్కడ పడిపోతే అక్కడ 0.01 లేదా 0.02 వోల్టు పెంచండి. నా చిప్ 49 దాకా 1.20 మీదే నడిచింది, 50కి 1.24 అడిగింది, 51కి 1.31. చూశారుగా, ఆఖరి మెట్టు ఎంత ఖరీదో. వేడి దాదాపు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 1.24 నుంచి 1.31కి వెళ్తే ఆ ఒక్క కారణంగానే 11 శాతానికి పైగా ఎక్కువ వాట్లు. వేగం పెరిగింది రెండు శాతం. నేను 50కి వెనక్కి వచ్చేశాను. ప్రతి చిప్ అంకె వేరు, నాది మీకు పని చేయకపోవచ్చు. బరువు మీద 1.30 దాటకూడదన్నది రోజూ వాడే యంత్రానికి నేను పెట్టుకున్న గీత.

ఈ-కోర్లను (కరెంట్ పొదుపు చేసే చిన్న కోర్లు) తర్వాత ముట్టుకోండి. 36 నుంచి 38, 39. కోర్లను కలిపే దారి అయిన రింగ్‌ను ఆఖరున, 12వ తరంలో ఈ-కోర్లు పనిచేస్తుంటే రింగ్ వేగం దానంతట అదే దిగిపోతుంది కాబట్టి అక్కడ పెద్ద ఆశలు వద్దు, 39 దగ్గర వదిలేశాను. 5.0, 3.9 పెట్టాక సినీబెంచ్ 19,000 దాటింది.

అప్పుడు ఎక్స్‌ఎంపీ. డీడీఆర్4లో గేర్ 1 అని ఉందో లేదో చూడండి. ర్యామ్, మెమరీ కంట్రోలర్ ఒకే వేగంతో నడవడం అది. గేర్ 2లో కంట్రోలర్ సగం వేగంతో నడుస్తుంది కాబట్టి 3600 లాంటి వేగాల్లో ఆలస్యం పెరుగుతుంది. మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే ఎస్‌ఏ వోల్టేజీని ఆటోలో వదిలితే కొన్ని బోర్డులు 1.35 దాకా ఎక్కిస్తాయి, నేను 1.20కి దించాను. ర్యామ్ మార్చాక నేరుగా విండోస్‌లోకి వెళ్లకండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నడపండి. ప్రాసెసర్ తప్పు చేస్తే యంత్రం ఆగిపోతుంది, తెలుస్తుంది. ర్యామ్ తప్పు చేస్తే ఫైళ్లు చప్పుడు లేకుండా పాడవుతాయి.

అంతా కుదిరాక స్థిర వోల్టేజీని అడాప్టివ్‌కి మార్చండి, ఖాళీగా ఉన్నప్పుడు దిగేలా. మార్చాక పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేయాలి. విసుగే, కానీ తప్పదు.

నిలబడిందని ఎప్పుడు అనుకోవాలి

సినీబెంచ్ పది నిమిషాలు నెగ్గడం మొదటి తరగతి పరీక్ష. తర్వాత చిప్ మీద ఇంకా బరువు వేసే ప్రోగ్రాములు: ఓసీసీటీ గంట, వై-క్రంచర్ గంట, ప్రైమ్95లో చిన్న ఎఫ్‌ఎఫ్‌టీ అనే పరీక్ష అరగంట చేయండి. ప్రైమ్95 అన్నిటికన్నా వేడి పుట్టిస్తుంది, అంత బరువు మీ రోజువారీ పనిలో ఎప్పుడూ పడకపోవచ్చు. అక్కడ 95 డిగ్రీలు తాకితే కంగారు పడకండి, 100 తాకి చిప్ తనంతట తాను వేగం తగ్గించుకుంటే మాత్రం వోల్టేజీ దించండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అట్టడుగున డబ్ల్యూహెచ్‌ఈఏ లోపాల (విండోస్ పట్టుకున్న హార్డ్‌వేర్ తప్పుల) లెక్క ఉంటుంది. యంత్రం పడిపోకపోయినా అక్కడ ఒక్కటి కనిపించినా అది నిలకడ కాదు. వీఆర్‌ఎం ఉష్ణోగ్రత కూడా అక్కడే చూడండి. 90 లోపు ఉంటే హాయి.

బోర్డు లేవకపోతే? చాలా బోర్డులు మూడుసార్లు ప్రయత్నించి తామే డిఫాల్ట్‌కి వస్తాయి. రాకపోతే ప్లగ్ తీసి సీమాస్ చెరపండి. ర్యామ్ దీపం వెలుగుతూ ఉంటే ఒక్క స్టిక్ రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. ఇంతవరకు నేను పది పన్నెండు సార్లు చెరిపి ఉంటాను.

మన ఎండలకు రెండు ప్రొఫైళ్లు

విదేశీ వీడియోల్లో చూపించే ఉష్ణోగ్రతలు 21, 22 డిగ్రీల గదిలో తీసినవి. విజయవాడ, రామగుండం వైపు మేలో 44 దాటిన రోజులుంటాయి. ఏసీ లేని గది సాయంత్రానికి 38 దగ్గర ఉంటుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 24 డిగ్రీల గదిలో 82 చూపించిన సెట్టింగ్, మేలో 96 చూపిస్తుంది. సంక్రాంతి సెలవుల్లో ట్యూన్ చేసి మురిసిపోయినవాళ్లు ఏప్రిల్‌లో నీలితెరలు చూసేది ఇందుకే.

అందుకని నేను బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాను. చలికాలానిది 5.0, 1.24. ఎండాకాలానిది 4.8, 1.16, పవర్ పరిమితి 150 వాట్లు. మార్చడానికి నిమిషం చాలు. యూపీఎస్ కూడా లెక్కలోకి తీసుకోండి: 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్లే మోస్తాయి. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి పనిచేస్తుండగా కరెంట్ పోతే అది కీచుమని ఆగిపోతుంది. నేను 1000 వీఏకి మారాల్సి వచ్చింది, ఆ ఖర్చు మొదటి లెక్కలో లేదు.

బయోస్ మార్చిన ప్రతిసారీ ఈ ప్రొఫైళ్లు చెరిగిపోతాయి. కొన్ని బోర్డుల్లో పెన్‌డ్రైవ్‌కు దాచిన ప్రొఫైల్ కూడా కొత్త బయోస్ ఒప్పుకోదు. ఆ నోట్‌బుక్‌ను క్యాబినెట్ మీదే ఉంచండి.